ఒకే అచ్చు సిపాయిలు

మొన్న ఒక ఆదివారం ఎల్బీనగర్‌లో మెట్రో దిగి, కళ్లజోళ్ల దుకాణం వెతుక్కుంటూ తప్పు మెట్లెక్కాను. తీరా చూస్తే బేకరీ మీది అంతస్తులో తేలాను. అక్కడ నలుగురైదుగురు కుర్రాళ్లు పొడుగు బల్ల మీద పచ్చగుడ్డ పరిచి, వేలెడంత సిపాయి బొమ్మలతో యుద్ధం ఆడుతున్నారు. మూలన ఒకతను దీపం కింద కూర్చుని ఒక బొమ్మ చెయ్యి కోస్తున్నాడు. ప్లాస్టిక్ కాదు, లోహం. సన్నరంపం కింద నుంచి బూడిదరంగు పొడి రాలుతోంది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

“ఎవరికోసం వచ్చిన్రు ఆంటీ?” అన్నాడతను.

“ఎవరికోసం కాదు. ఆ చెయ్యి తీసి ఏం చేస్తవ్?”

“ఇంకో బొమ్మకు కత్తి పట్టుకున్న చెయ్యి ఉంది. అది దీనికి పెడతా. గమ్ముతోని నిలుస్తలేదు ఆంటీ, బరువుకు ఊడిపోతుంది.”

“రెండు దిక్కులా సన్న తొర్ర వేసి రాగితీగ ముక్క దూర్చు. నిలుస్తది.”

అతను తలెత్తి నా చీర, నా సంచి, నా నెరిసిన జుట్టు వరసగా చూశాడు. “మీకెట్ల తెలుసు ఆంటీ?” అన్నాడు. నాకెట్ల తెలుసో చెప్పడం మొదలుపెడితే ఆ పూటకి వాళ్ల యుద్ధం ముగిసేది కాదు. “కింద కాగితం పరుచుకో. ఆ పొడి దాచకు, పారెయ్యి” అని మాత్రం చెప్పి దిగి వచ్చేశాను. కళ్లజోడు కొనడం మరిచిపోయాను.

నా చిన్నప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్ డిపో వెనక సందులో, రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నల్లగొండ దిక్కు పల్లె నుంచి కొత్తగా వచ్చాం. మా నాయిన కంసాలి. పల్లెలో పనులు తగ్గిపోయి, మెయిన్ రోడ్డు మీది ఒక నగల దుకాణం సేటుకు ఇంట్లోనే కూర్చుని పని చేసి ఇచ్చేవాడు. ముందు గది పనిగది, వెనక గది మిగతా సంసారమంతా. పొద్దున్నే కుంపట్లో బొగ్గులు రాజుకునే వాసన, దాని వెనకాలే అతుకులకు వాడే వెలిగారం కాలే వాసన, ఆ రెండింటినీ మించి జొన్నరొట్టె మాడే వాసన. మా అమ్మకు మాట్లాడుతూ రొట్టె మాడ్చడం అలవాటు. మాడిన రొట్టె మీద ఎల్లిపాయ కారం రాసుకుని తింటే వచ్చే రుచి ఇప్పుడు ఏ హోటల్లోనూ దొరకదు. నేనూ ఎంతో ప్రయత్నించి మాడుస్తాను కాని ఆ మాడు వేరు.

ఎల్బీనగర్ అంటే అప్పట్లో ఊరు అయిపోయిన చోటు. అది దాటితే ద్రాక్షతోటలు, రాళ్లగుట్టలు. తోటల్లోంచి బుట్టల్లో వచ్చే పండ్లు డిపో గోడ వారన పోసి అమ్మేవాళ్లు. రాలిపడ్డ పండ్లు ఏరుకుని జేబులో వేసుకోవడం, గౌను మీద మరకలు పడటం, అమ్మ వీపు మీద రెండు వేయడం, ఇవి నా ఎండాకాలాలు. జేబులో పండ్లు పంచుకునేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. బడిలో కొంతమంది పిల్లలు నా మాట విని నవ్వేవాళ్లు. “గట్లనే” అన్నానని ఒకమ్మాయి వారం రోజులు నన్ను అదే పేరుతో పిలిచింది. అప్పటి నుంచి నోరు కట్టేసుకున్నాను. సార్లు నన్ను మూగపిల్ల అనుకున్నా దిద్దలేదు. మధ్యాహ్నం బడి గోడకు ఆనుకుని ఒక్కదాన్నే అన్నం తినేదాన్ని. ఎంత ఒంటరిగా ఉండేదంటే, గంట కొట్టే నౌకరు నా వైపు చూసి తలాడిస్తే ఆ రోజు బాగా గడిచినట్టు లెక్క.

ఇంట్లో మాత్రం నాకొక పనుండేది. నాయిన పీట పక్కన కూర్చోవడం. నాయిన ఒళ్లో తోలు పరుచుకుని, బంగారాన్ని ఆకురాయితో రుద్దుతుంటే సన్నని పొడి ఆ తోలు మీద రాలేది. దాన్ని రజను అంటారు. రజను ఒక్క రవ్వ కూడా పోకూడదు. పని అయ్యాక తోలును కుచ్చుతో ఊడ్చి, రజనును ఒక ఇత్తడి డబ్బాలో పోసేవాడు. అది మళ్లీ అదే బంగారంతో కలిపి కరిగించాలి. మా ఇంట్లో ముందు గది చెత్త కూడా పారేసేవాళ్లం కాదు, ఒక తట్టలో దాచేవాళ్లం. నేను పీట దగ్గర నుంచి లేస్తే నాయిన నా రెండు అరికాళ్లూ తోలు మీద దులిపించి గానీ పోనిచ్చేవాడు కాదు. నాకది ఆటగా ఉండేది, కావాలని రెండుసార్లు కూర్చుని రెండుసార్లు లేచేదాన్ని.

నాయిన నాకు సీల కొట్టడం నేర్పాడు. రెండు ముక్కలు కదలకుండా అతకాలంటే రెండింటికీ సన్న తొర్ర వేసి, తీగముక్క దూర్చి, కొసలు సుత్తెతో మెల్లగా తట్టి, పైన ఆకురాయితో అతుకు కనపడకుండా చేయాలి. “ఆకురాయి ముందుకే పోవాలె, ఎనకకు గుంజొద్దు. ఒక్క దిక్కే” అనేవాడు. విరిగిన రాగిముక్కల మీద నేర్చుకున్నాను.

“ఆడపిల్లకెందుకు గీ పని?” అనేది అమ్మ.

“దాని చెయ్యి కుదురుగున్నదే. నా చెయ్యే అది” అనేవాడు నాయిన.

నాయినకు ఒక గర్వం ఉండేది. దుకాణంలో అందరు పనివాళ్లు తెచ్చిన సరుకునూ సేటు గీటురాయి మీద గీసి, బంగారం సరిగా ఉందో లేదో చూసేవాడు. మా నాయిన తెచ్చింది మాత్రం గీసేవాడు కాదు. చేతిలోకి తీసుకుని, కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టేసేవాడు. పండక్కి కొత్త అంగీ లేకపోయినా నాయిన ఆ సంగతి మాత్రం ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పేవాడు.

మా ఇంటి మీద డాబాలో ఒంటిగదిలో ఒక టీచర్ ఉండేవారు. కృష్ణా జిల్లా దిక్కు నుంచి ఎప్పుడో వచ్చి, ఏదో బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైర్ అయ్యారు. పెళ్లి చేసుకోలేదు. గంజిపెట్టిన నేత చీర, మెట్ల మీద దూరం నుంచే తెలిసే ఇంగువ వాసన. సాయంత్రాలు వీధి పిల్లలకు ట్యూషన్ చెప్పేవారు. ఆమె ఎండలో మాగాయ ముక్కలు ఆరబెడితే, బడిలేని పగళ్లు నేను పిల్లిలా ఎక్కి నోట్లో వేసుకునేదాన్ని. ఒకరోజు దొరికిపోయాను.

“ఎన్ని తిన్నావ్ అమ్మాయ్?”

“మూడు.”

“అయిదు. లెక్కపెట్టే ఆరబెట్టాను. ఏమిటా చూపు? లోపలికి రా, తిన్నదానికి పని చేద్దువుగాని.”

పనేమిటంటే సిపాయిల మీద దుమ్ము తుడవడం. గదిలో సగం ఒక పాత చెక్క మంచమే. దాని మీద ఆకుపచ్చ దుప్పటి. దుప్పటి కింద పుస్తకాలు పెట్టి గుట్టలు చేశారు, నీలం రిబ్బను పరిచి ఏరు చేశారు. ఏటికి ఇవతల నలభై మంది సీసపు సిపాయిలు. అందరూ భుజాన తుపాకి పెట్టుకుని, ఎదురుగా చూస్తూ, ఒకే ముఖంతో నిలబడ్డారు. ఏటికి అవతల నలభై చింతగింజలు.

“గవేంది?” అని నోరు జారాను. వెంటనే మూసుకున్నాను.

ఆమె నవ్వలేదు. “అవి శత్రువులు” అన్నారు.

కథ మెల్లగా తెలిసింది. ఆమె తమ్ముడు ఎక్కడో బెంగాల్ దిక్కు రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఒకే ఒక అచ్చు చేసి, సీసం కరిగించి పోసి, అక్కకు నలభై, తనకు నలభై సిపాయిలు తయారుచేశాడు. ఇద్దరూ ఉత్తరాల మీద యుద్ధం ఆడేవాళ్లు. పాచికలు వేసి, ఎవరు ఎటు కదిలారో ఇన్‌లాండ్ కవర్‌లో రాసి పంపేవాళ్లు. ఒక్కో ఎత్తుకు పది రోజులు. తమ్ముడి సైన్యం ఎక్కడుందో గుర్తుకు ఇక్కడ చింతగింజలు పెట్టుకునేవారు. ఒకరోజు ఉత్తరానికి బదులు టెలిగ్రాం వచ్చింది. అప్పటి నుంచి రెండువైపులా ఆమే ఆడుతున్నారు. తమ్ముడి వైపు ఆడేటప్పుడు మంచానికి అవతల ఉన్న స్టూలు మీద కూర్చునేవారు.

ఆఖరి ఉత్తరం నాకు చదివి వినిపించారు. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు నీ సైన్యానికి ఒక నాయకుణ్ణి, ఒక డప్పువాణ్ణి, ఒక జెండావాణ్ణి చేసి పెడతానక్కా, అందరూ ఒకేలా నిలబడితే ఎవరి మాట ఎవరు వింటున్నట్టు, అని రాశాడు.

“ఇవన్నీ ఒకే అచ్చువి. వాటిని మార్చడం ఎవరికి వస్తుంది? కత్తిపీటతో ఒకణ్ణి కోయబోయి కాలు విరగ్గొట్టాను. వాణ్ణి పుస్తకానికి ఆనించి నిలబెట్టాను” అన్నారు.

“నేను చేస్తా” అన్నాను. అంత ధైర్యంగా ఒక మాట అని నాకు ఎన్నాళ్లయిందో.

నాయిన పక్కన పడేసిన అరిగిన ఆకురాయి, సగం విరిగిన రంపపు బ్లేడు, కాస్త లక్క పట్టుకుపోయి డాబా మీద కూర్చున్నాను. ముందు ఒక సిపాయి తల కోసి, ఓరగా తిప్పి, సీల దూర్చి నిలబెట్టాను. అంతే, వాడు పక్కవాడితో ఏదో చెబుతున్నట్టు అయిపోయాడు. టీచర్ వాణ్ణి అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు చూశారో. తర్వాత డప్పువాడు కావాల్సి వచ్చింది. వాడికి వంగిన చేతులు కావాలి, అంటే ఇంకొకడి చేతులు కోయాలి.

“అంటే ఒకణ్ణి చంపాలా?” అన్నారామె. నిజంగానే బాధపడ్డారు. కాసేపు ఆలోచించి, తాను కాలు విరగ్గొట్టిన సిపాయినే నా చేతిలో పెట్టారు. “వీడు ఎలాగూ నడవలేడు. మిగతావాళ్లలో కలిసిపోనీ.”

వాడి చేతులు డప్పువాడికి, వాడి తుపాకి జెండాకర్రకు, వాడి టోపీ ఇంకొకడికి. డప్పు సీసా మూతతో చేశాను. సీసం మెత్తన, వెచ్చబడితే వంగుతుంది, ఎక్కువ వెచ్చబడితే కారిపోతుంది. గోరుతో గీసినా గీత పడుతుంది. పని అయ్యాక టీచర్ నా చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించి, కందిపొడి, నెయ్యి కలిపిన అన్నం ముద్దలు పెట్టేవారు. నేను గలగలా మాట్లాడేదాన్ని. “జర ఆగుండ్రి” అంటే ఆమె కూడా “జర ఆగుండ్రి” అని అప్పజెప్పేవారు, అంతా తప్పుగా. నా యాస విని నవ్వినవాళ్లనే చూశాను కానీ, ఆమె కృష్ణా యాసలో పడి నా మాట ఇంత వికారంగా అవుతుందని అప్పుడే తెలిసింది. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ రెండు నెలలు నాకు ఒక స్నేహితురాలు ఉండేది. ఆమెకు అరవై దాటాయి, అంతే తేడా.

మిగిలింది నాయకుడు. కత్తి ఎత్తి పట్టుకుని, ఒక కాలు ముందుకు వేసి ఉండాలి. డాబా మీద మూడుసార్లు ప్రయత్నించాను. అరిగిన ఆకురాయికి అతుకు సరిగా కూర్చోలేదు, చెయ్యి వేలాడిపోయింది. టీచర్ “ఫర్వాలేదులే” అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు.

ఒక మధ్యాహ్నం నాయిన దుకాణానికి పోయాడు. అమ్మ బిందెలు తీసుకుని నీళ్ల ట్యాంకరు దగ్గర వరుసలో నిలబడింది. నేను నాయకుణ్ణి తెచ్చుకుని నాయిన పీట మీద కూర్చున్నాను. నాయిన తోలు ఒళ్లో పరుచుకున్నాను, నాయిన సన్న ఆకురాయి తీసుకున్నాను. అరగంటలో అయిపోయింది. భుజం దగ్గర అతుకు ఎక్కడుందో నాకే కనపడలేదు. అంత బాగా ఏ పనీ చేయలేదు అంతకుముందు, తర్వాతా చేయలేదు.

లేవబోతూ చూస్తే తోలు మీద బూడిదరంగు పొడి. దాని మధ్య పొద్దుట నాయిన పని తాలూకు పచ్చని మెరుపులు. నాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసింది ఒక్కటే, తోలు మీద రాలింది పారేయకూడదని. కుచ్చు తీసుకుని, మూలమూలలా ఊడ్చి, ఒక్క రవ్వ పోకుండా అంతా ఇత్తడి డబ్బాలో పోశాను. అరికాళ్లు కూడా దులుపుకున్నాను. ఎంత బుద్ధిమంతురాలినో అని నాకు నేనే మురిసిపోయాను. పైకి పోయి నాయకుణ్ణి టీచర్ చేతిలో పెట్టి, పొడి ఒక్క రవ్వ పోకుండా డబ్బాలో పోశానని కూడా గొప్పగా చెప్పాను.

బంగారానికి సీసం పడదని నాకు ఎవరూ చెప్పలేదు. కాస్త తగిలితే చాలు, బంగారమంతా పెళుసైపోతుంది. మా ఇంట్లో సీసం అనే మాటే వినపడేది కాదు మరి, చెప్పే అవసరం ఎవరికి వస్తుంది?

మలక్‌పేట నుంచి ఒక పెద్దావిడ తన తల్లి మెడలోని హారం దుకాణంలో ఇచ్చి, దాన్ని కరిగించి గుండ్ల పేరుగా చేయమంది. ఆ పని నాయిన చేతిలో ఉంది. సగం గుండ్లు అయ్యాయి. మర్నాడు నాయిన మిగిలిన బంగారంలో డబ్బాలోని రజను కలిపి మూసలో కరిగించాడు. చల్లారాక దాగలి మీద పెట్టి సుత్తెతో సాగగొట్టడం మొదలుపెట్టాడు. నాలుగో దెబ్బకు అంచు మీద పగులు పడింది. అయిదో దెబ్బకు ఎండిన మట్టిపెళ్లలా విరిగింది. నాయిన సుత్తె కింద పెట్టాడు.

“సీసం తగిలింది” అన్నాడు.

“ఇంట్ల సీసమెక్కడిది?” అంది అమ్మ.

నాయిన డబ్బా మూత తీసి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు. “బిడ్డా, నేను లేనప్పుడు గీ పీట మీద ఎవలన్న కూసున్నరా?”

“లేదు నాయినా” అన్నాను.

నాయిన కబురు పంపితే ఆ సాయంత్రమే సేటు వచ్చాడు, వెంట మలక్‌పేట పెద్దావిడ. ఆమె విరిగిన ముక్కలు చేతిలోకి తీసుకుని, “మా అమ్మ మెడల ఉన్నన్నాళ్లు మంచిగనే ఉన్నది గదయ్యా” అని ఏడ్చింది. సేటు గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది. “ఇన్నేండ్ల సంది నీ సరుకు గీసి చూల్లే నేను. ఏం కలిపినవో నువ్వే చెప్పు” అన్నాడు. వాకిట్లో నలుగురు జమయ్యారు. నేను వెనక గదిలో బియ్యం డబ్బా పక్కన నక్కి కూర్చున్నాను. ఒక్క మాట చెబితే అయిపోతుందని తెలుసు. డబ్బాకు ఇంకా దగ్గరగా జరిగాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. టీచర్ దిగి వచ్చారు. గుప్పిట్లో నాయకుడున్నాడు.

“సీసం నాది. ఈ బొమ్మ అతుకుదామని వీళ్లు లేనప్పుడు ఆయన పీట మీద కూర్చున్నాను. ఆ పొడి నేనే డబ్బాలో పోశాను, బంగారమనుకుని. తప్పంతా నాదే” అన్నారు.

నాయిన ఆమె చేతిలోంచి బొమ్మను తీసుకున్నాడు. కంటికి భూతద్దం పెట్టుకుని భుజం దగ్గర తిప్పి తిప్పి చూశాడు. తర్వాత తలెత్తి, వెనక గది గుమ్మంలోంచి నా వైపు ఒకసారి చూశాడు. ఒక్కసారే. “అట్లనా టీచరమ్మా” అని బొమ్మను ఆమెకు తిరిగి ఇచ్చేశాడు.

సేటు ఆమెను ఎగాదిగా చూసి, “గీ వయసుల బొమ్మలాటనా అమ్మా?” అన్నాడు. వాకిట్లో అందరూ నవ్వారు. ఆమె తల దించుకోలేదు. మర్నాడు దుకాణానికి కూడా పోయి, పనివాళ్లందరి ముందూ అదే మాట మళ్లీ చెప్పి వచ్చారు.

నాయిన మూడు రోజులు పెరట్లో తేజాబ్ ఆమ్లం పెట్టి ఆ బంగారాన్ని శుద్ధి చేశాడు. ఘాటైన పసుపుపచ్చ పొగ, నాయిన దగ్గు. గుండ్లు తయారయ్యాయి, పెద్దావిడ తీసుకుపోయింది. సేటు మళ్లీ పని ఇచ్చాడు. కాని ఆ రోజు నుంచి నాయిన సరుకును కూడా గీటురాయి మీద గీయడం మొదలుపెట్టాడు. నాయిన వెంట పోయి ఒకసారి చూశాను. సేటు గీస్తుంటే నాయిన గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాడు. చుట్టాలకు ఆ గొప్ప చెప్పడం ఆగిపోయింది.

టీచర్ సంగతి అంతకన్నా అన్యాయమైంది. పిచ్చి టీచర్ అని పేరు పడింది. బొమ్మలతో ఆడుకునేది మన పిల్లలకేం చెప్తదని ట్యూషన్ పిల్లల్ని ఒక్కొక్కరే మాన్పించారు. నేను మేడ ఎక్కలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే ముఖం చెల్లలేదు. మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరిగి నిలబడేదాన్ని. ఆమె మాత్రం ఆగి, “జర ఆగుండ్రి” అనేవారు, అదే తప్పు యాసలో. నాకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చేది. పీట పక్కకు కూడా పోలేదు. “రా బిడ్డా, కూసో” అని నాయిన పిలిస్తే చదువుకోవాలని చెప్పేదాన్ని. నిజంగా చదవడం కూడా అప్పుడే మొదలైంది, వేరే దిక్కులేక.

వానాకాలం మొదట్లో ఆమె ఇల్లు ఖాళీ చేసి, తుర్కయంజాల్‌లో చవగ్గా దొరికిన గదికి మారిపోయారు. ట్రాలీ ఆటోలో చెక్క మంచం, రెండు ట్రంకు పెట్టెలు. నాయిన మంచం ఎత్తడానికి సాయం పట్టాడు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని చూశాను. ఆటో సందు మలుపు తిరిగేదాకా ఆమె మా కిటికీ వైపే చూశారు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ డాబా మీదికి తర్వాత ఎవరో కొత్తగా పెళ్లయినవాళ్లు వచ్చారు. మాగాయ ఎవరూ ఆరబెట్టలేదు. బడి గోడ, నేను, గంట కొట్టే నౌకరు, అంతే మళ్లీ.

తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. ఉద్యోగం, పెళ్లి, ఒక కూతురు. ఎల్బీనగర్‌లో ఫ్లాటు. అమ్మ పోయాక నాయిన మా దగ్గరే ఉన్నాడు. చూపు తగ్గింది కాని చేతులు ఊరుకోవు, కూరగాయలన్నీ ఆయనే తుంచేవాడు. ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాం. నా కూతురు బడి నుంచి వచ్చి, గుమ్మంలోనే చెప్పులు విప్పుతూ, “అమ్మా, నేను ఇయ్యాల పరీక్షల కాపీ కొట్టిన. సార్‌కు చెప్పలే, నీకు చెప్తున్న” అని, కాళ్లు కడుక్కోవడానికి పోయింది. అంత సులువు. నేను తుంచుతున్న కాయ అలాగే పట్టుకుని ఉండిపోయాను.

“నాయినా” అన్నాను. “ఆనాడు రజను డబ్బాల సీసం పోసింది నేనే.”

నాయిన ఈనె తీయడం ఆపలేదు. “ఎర్కే బిడ్డా.”

“ఎప్పటిసంది?”

“ఆనాడే. టీచరమ్మ చేతిల బొమ్మ చూసిన కదా. ఆకురాయి ఒక్క దిక్కే పోయింది. సీల నేను కొట్టినట్టే ఉన్నది. ఆమెకేం తెలుసు ఆ పని?”

“మరి ఆమెను దుకాణానికెందుకు పోనిచ్చినవ్?”

“మెట్లకాడ ఆపిన. వద్దన్న. ‘మీ అమ్మాయి పేరు చెబితే మీరే చేయించారంటాడు సేటు. నేను బయటిదాన్ని, నా మాట నమ్ముతాడు’ అన్నది. నిజమే కదా. నోరు మూసుకున్న.”

“నన్ను మళ్ల ఎందుకు అడగలే?”

“ఒకసారి అడిగిన, లేదన్నవ్. మళ్ల అడిగితే భయానికి చెప్తుంటివి. నీ అంతట నువ్వు చెప్తవని ఆమె అన్నది. తొందరెందుకండీ, చెబుతుంది, అన్నది.” నాయిన చిక్కుడు గింజలు గిన్నెలో వేశాడు. “సాగర్ రోడ్డు దిక్కు పోయినప్పుడల్లా తుర్కయంజాల్ల దిగేటోణ్ణి. చాయ్ పోసేది. ‘చెప్పిందా?’ అని అడిగేది. లేదంటే, ‘చెబుతుంది లెండి’ అనేది. ఏండ్లకేండ్లు గదే మాట.”

“ఇప్పుడెక్కడున్నది?”

“నీ బిడ్డ పుట్టిన యాడాదే పోయింది. ఆఖరిసారి పోయినప్పుడు మంచం మీదనే ఉన్నది. లేవలేదు. నన్ను చూసి మళ్ల గదే అడిగింది, చెప్పిందా అని.”

“నువ్వేమన్నవ్?”

నాయిన చేతులు ఆగాయి.

“చెప్పింది టీచరమ్మా అన్న. ఏడ్సుకుంట చెప్పింది అన్న. ‘నాకు తెలుసు’ అని కండ్లు మూసుకున్నది.”

ఎవరి బంగారంలోనూ ఒక రవ్వ తేడా చేయని మనిషి మా నాయిన. ఆయన ఆడగా నేనెరిగిన అబద్ధం అదొక్కటే. నేను నోరు తెరవడం ఆలస్యం చేసి, పోయే మనిషి ముందు ఆయన చేత దాన్ని ఆడించాను.